రాత్రి దాకా వేడిగా ఉంచాలా, రాత్రికి వేడి చేయాలా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇంట్లో ఐదుగురం. అబ్బాయి, కోడలు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తారు, ఇల్లు చేరేసరికి రాత్రి పది అవుతుంది. మా అత్తగారికి 82 ఏళ్లు. వేడిగా ఉంటే తప్ప ముద్ద ముట్టరు, అదీ కొంచెం కొంచెంగా రోజుకు నాలుగుసార్లు తింటారు. పొద్దున పదకొండుకల్లా అన్నీ వండేసి హాట్‌బాక్సుల్లో సర్దేస్తాను. ఎండలు మొదలైనప్పటి నుంచి రాత్రికి పప్పు తీగ సాగుతోంది, అన్నం వాసన వస్తోంది. డాలస్‌లో ఉండే మా అమ్మాయి వచ్చే నెల వస్తూ స్లో కుక్కర్ తెస్తానంటోంది, దాంట్లో పెడితే రోజంతా వేడిగా ఉంటుందట. ఇక్కడే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొనమని కోడలు అంటోంది. ఆదివారాలు ఉలవచారో పాయానో చేస్తుంటాను, గంటల తరబడి స్టవ్ దగ్గరే నిలబడాల్సి వస్తోంది. ఏది కొంటే అన్నిటికీ పనికొస్తుంది? కరెంటు బిల్లు టెన్షన్ కూడా ఉంది.

సమాధానం: ముందు ఒక మాట. తీగ సాగిన పప్పు, వాసన మారిన అన్నం ఇక ఎవరికీ పెట్టకండి. మళ్లీ మరిగించి పెడదామన్నా వద్దు. 82 ఏళ్ల మనిషికి ఒక్క పూట వాంతులు, విరేచనాలు పట్టుకుంటే చాలు, ఒంట్లో నీరు తగ్గి ఆస్పత్రిలో చేర్చాల్సి రావచ్చు. ఏం కొనాలన్నది తర్వాత చూద్దాం, పొద్దున సర్దిన డబ్బా రాత్రి తెరిచే పద్ధతి మాత్రం ఈ రోజే మానేయండి.

ఎందుకంటే, ఉడికిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కి పైన ఉన్నంతసేపు అందులో మనల్ని జబ్బు పరిచే సూక్ష్మజీవులు పెరగలేవు. 5 డిగ్రీల కంటే కింద, అంటే ఫ్రిజ్‌లో, చాలా వరకు ఆగిపోతాయి. ఈ రెండిటి మధ్యే ప్రమాదమంతా. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు మామూలుగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా అయ్యాక మేల్కొని పెరుగుతాయి, వాటిలో కొన్ని రకాలు విషాన్ని కూడా వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మరిగించి పెట్టినా వద్దని చెప్పింది అందుకే. మాంసం కూరల్లో, పెద్ద గిన్నెల్లో వండిన పులుసుల్లో పెరిగే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అయితే ఇంకా వేగం. 45 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే వెచ్చదనంలో అది పది నిమిషాలకే రెట్టింపు కాగలదు.

ఇప్పుడు మీ హాట్‌బాక్స్ చూడండి. లోపల స్టీలు, బయట ప్లాస్టిక్, మధ్యలో ఫోమ్. దానికి సొంత వేడి లేదు. లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపడమే దాని పని, అదీ కొన్ని గంటలే. పదకొండింటికి పొగలు కక్కుతూ పెట్టిన పప్పు మధ్యాహ్నం మూడు, నాలుగయ్యేసరికి 60 కిందికి దిగిందనుకోండి, అక్కణ్నుంచి రాత్రి పది దాకా అది బ్యాక్టీరియాకు కావలసిన వెచ్చదనంలోనే ఉంటుంది. బయట పెట్టిన గిన్నె అయినా కాసేపటికి చల్లారుతుంది, డబ్బా మాత్రం ఆ వెచ్చదనాన్ని గంటల తరబడి నిలిపి ఉంచుతుంది. మే నెలలో వంటింట్లోనే 38, 40 డిగ్రీలుంటే ఇక చెప్పాల్సింది ఏముంది.

మన ఊళ్లలో పాలు దాలి మీద కాచేవాళ్లు. పిడకల నిప్పు మీద పొద్దున కుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రబడి, పైన మందంగా మీగడ కట్టేది. అన్ని గంటలున్నా ఆ పాలు విరగలేదంటే కింద నిప్పు ఆరకపోవడమే కారణం. రోజంతా వేడిగా ఉంచాలంటే రోజంతా వేడి ఇస్తూనే ఉండాలి. హాట్‌బాక్స్ ఆ పని చేయలేదు, అది చేస్తుందని మనం అనుకోవడం వల్లే ఇబ్బంది.

చద్దన్నం తిని పెరగలేదా అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. చద్దన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెడతాం, ఆ పులుపే చెడ్డ సూక్ష్మజీవులను అదుపులో పెడుతుంది. మూత బిగించిన డబ్బాలో వెచ్చగా ఉన్న ఉత్తి అన్నానికి ఆ రక్షణ లేదు.

అంచేత నా సలహా ఇది. మధ్యాహ్నం రెండింటిలోపు తినేది హాట్‌బాక్స్‌లో పెట్టుకోండి. రాత్రి పదికి తినేదాన్ని పదకొండు గంటల సేపు వేడిగా ఉంచే ప్రయత్నమే వద్దు. వండగానే విడిగా తీసి, త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి ఎవరు వస్తే వాళ్లకు కావలసినంత వేడి చేసి పెట్టండి. రుచి కూడా ఇలాగే బాగుంటుంది. పది గంటలు వేడి మీదే ఉన్న అన్నం పచ్చబడుతుంది, కూరగాయలు ముద్దవుతాయి, పోపు వాసన పోతుంది.

త్వరగా చల్లార్చడంలోనే అసలు కిటుకు ఉంది. పప్పుగిన్నె అలాగే వదిలేస్తే నడిమధ్య భాగం గంటల సేపు వెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి స్టీలు పళ్లెంలోనో బేసిన్‌లోనో రెండు వేళ్ల మందం మించకుండా పోయండి. దాన్ని చల్లటి నీళ్లున్న టబ్బులో పెట్టి గరిటెతో కలుపుతుంటే పదిహేను, ఇరవై నిమిషాల్లో పొగలు తగ్గి చేయి పెట్టగలిగేలా అవుతుంది. అప్పుడు చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. పొయ్యి మీంచి దించాక రెండు గంటల్లోపు, మన ఎండాకాలంలో అయితే గంటలోపు ఇది అయిపోవాలి. రాత్రి వేడి చేసేటప్పుడు పులుసులు, పప్పు తెర్లనివ్వండి. అన్నానికి మైక్రోవేవ్ లేకపోతే ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్లు పోసి, గిన్నెలో అన్నం మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి ఆవిరికి పెట్టండి, పదినిమిషాల్లో అప్పుడే వార్చినట్టు వస్తుంది. ఒకసారి వేడి చేసినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

మీ అత్తగారి సంగతి వేరుగా చూడాలి. ఫ్రిజ్‌లోది అంటే ఆవిడ ముట్టరేమో, ఆ వయసువాళ్ల మీద బలవంతం పెట్టనూ కూడదు. ఆవిడ తినేదెంత, పూటకు గుప్పెడు బియ్యం. ఆ గుప్పెడు బియ్యం ఆ పూటకు ఆ పూటే వండటానికి చిన్న సైజు రైస్ కుక్కర్ ఒకటి ఉంటే సరిపోతుంది. కూరకి, పప్పుకి అర లీటరు స్టీలు ఫుడ్ ఫ్లాస్క్ తీసుకోండి. మంచినీళ్ల ఫ్లాస్కులాగే దీనికి రెండు గోడల మధ్య గాలి ఉండదు, అందుకే ఫోమ్ ఉన్న హాట్‌బాక్స్ కంటే వేడి బాగా నిలుపుతుంది. ముందు దాంట్లో సలసల కాగే నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెట్టి ఉంచి, పారబోసి, తెర్లుతున్న పప్పును అంచుల దాకా నింపండి. సగం నింపితే సగం వేడే నిలుస్తుందని గుర్తుంచుకోండి. పెరుగన్నం, పాలు కలిపినవి అందులో వద్దు. రెండు పూటలకు పప్పు అందులోంచి, అన్నం ఎప్పటికప్పుడు. మిగతా రెండు పూటలూ ఇడ్లీయో జావో పెడతారు కనుక ఎలాగూ అప్పుడే చేస్తారు.

ఏ డబ్బా ఎన్ని గంటలు వేడి నిలుపుతుందన్నది దాని మీద అచ్చేసిన అంకెను బట్టి తేల్చుకోకండి. ఏదైనా కొనే ముందు వంటకు వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. సన్నటి స్టీలు పుల్ల ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఒక ఆదివారం పప్పు వండి, డబ్బాను వేడినీళ్లతో కాచి, నిండుగా పోసి, రెండు గంటలకొకసారి మధ్యలో పుల్ల గుచ్చి చూడండి. 60 కిందికి ఎప్పుడు దిగితే మీ డబ్బాకి అదే గడువు. రైస్ కుక్కర్ ‘వార్మ్’ మీద ఉన్నప్పుడు కూడా ఇలాగే చూడండి. చాలా కుక్కర్లు అన్నాన్ని 65కి పైనే ఉంచుతాయి. మూత సరిగా పట్టనివి, పాతబడినవి ఉంచకపోవచ్చు. వార్మ్ బాగా పనిచేసే కుక్కర్‌లో అన్నం నాలుగైదు గంటలు నిక్షేపంగా ఉంటుంది, అంతకు మించితే అడుగు ఎండిపోతుంది.

ఇక స్లో కుక్కర్. అమ్మాయిని తేవద్దని చెప్పండి. అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, మనకు 230. అక్కడి కుక్కర్‌ని ఇక్కడి ప్లగ్గులో పెడితే లోపలి కాయిల్ దాదాపు నాలుగింతల వేడెక్కి కాలిపోతుంది. షాపుల్లో దొరికే అడాప్టర్ ప్లగ్గు పిన్నులను మారుస్తుందే గానీ వోల్టేజీని మార్చదు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనొచ్చు గానీ, బరువైన ఆ పెట్టెను రోజంతా వంటింట్లో నడపడం ఎందుకు? పైగా స్లో కుక్కర్ లోపలి పాత్ర మందపాటి పింగాణీ, సూట్‌కేసులో సగం బరువు అదే ఉంటుంది. వచ్చాక పగిలితే ఆ సైజు పాత్ర ఇక్కడ వెతకడం కష్టం.

వోల్టేజీ సమస్య లేకపోయినా, 230 వోల్టులదే ఇక్కడ దొరికినా, మీ వంటలకు అది పెద్దగా ఉపయోగపడదని నా అభిప్రాయం. స్లో కుక్కర్ సుమారు 200 వాట్ల మీద, ఆరు నుంచి పది గంటల్లో పదార్థాన్ని మరిగే దగ్గరకు తీసుకెళ్లి అక్కడే ఉంచుతుంది. మాంసం ముక్కలకు, సూపులకు అది బాగానే ఉంటుంది. మన పప్పుకి అన్ని గంటలు ఎందుకు? పైగా కూకట్‌పల్లి వైపు అపార్టుమెంట్లలో బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వాడుతుంటారు. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ, సున్నం పప్పును మెత్తబడనివ్వదు. ప్రెషర్ కుక్కర్‌లోనే బోరు నీళ్లతో కందిపప్పు మొండికేస్తుంది, స్లో కుక్కర్‌లో అయితే పదిగంటల తర్వాత కూడా గుగ్గిళ్లలాగే ఉండొచ్చు. ఎందులో వండినా పప్పుకి మంజీరా కుళాయి నీళ్లు గానీ ఫిల్టర్ నీళ్లు గానీ పోయండి, చింతపండు, టమాటా ఉడికాకే వేయండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. రాజ్మా గింజల్ని నానబెట్టి నేరుగా స్లో కుక్కర్‌లో వేయకూడదు. వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, తెర్లే నీళ్లలో బాగా ఉడికితేనే పోతుంది. 80 డిగ్రీల దగ్గర సగం ఉడికితే పచ్చి గింజల కంటే కూడా ఎక్కువ హాని చేస్తుంది. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించాకే వాడాలి. మీ కోడలు రాజ్మా చేస్తుంటే ఈ మాట తనకి తప్పకుండా చెప్పండి.

మీ కోడలి మాటే సరైనది. ఆరు లీటర్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ఐదుగురికి చాలు. గ్యాస్ మీది మామూలు కుక్కర్ కంటే ఇందులో ప్రెషర్ కొంచెం తక్కువ, అందుకని గ్యాస్ కుక్కర్ కోసం రాసిన సమయానికి రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. దీని గొప్పదనం ఏంటంటే విజిళ్లు లెక్కపెట్టక్కర్లేదు, పెట్టేసి గుడికి వెళ్లి రావచ్చు. అయిపోగానే తనంతట తానే వార్మ్‌లోకి మారుతుంది. చాలావాటిలో స్లో కుక్ బటన్ కూడా ఉంటుంది, ముచ్చటపడితే అప్పుడప్పుడు వాడుకోవచ్చు. వెయ్యి వాట్ల వస్తువు కాబట్టి పెద్ద ప్లగ్గు పాయింటులో నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో వద్దు.

పాయాకి ఇది చక్కగా పనికొస్తుంది. మేక కాళ్లలో ఉండే పీచులాంటి కొల్లాజెన్ కరిగి చారుకి ఆ జిగురు, చిక్కదనం రావాలి. దానికి స్టవ్ మీద నాలుగైదు గంటలు పట్టేది, ప్రెషర్‌లో గంటా గంటంబావులో అయిపోతుంది. కాల్చి కడిగిన కాళ్లు, అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, దినుసులు వేసి మూత పెట్టేయండి. ప్రెషర్ దానంతటదే దిగాక మూత తీసి, ‘సాటే’ (వేయించే) బటన్ మీద పావుగంట తెర్లనిస్తే నీళ్లకీ ముక్కకీ పొత్తు కుదురుతుంది. కొత్తిమీర, నిమ్మరసం చివర్లో.

ఉలవచారు మాత్రం రెండు దశల వంట, దాన్ని ఏ మిషనూ మొదటి నుంచి చివరి దాకా చేయలేదు. మొదటిది ఉలవల సారం నీళ్లలోకి దిగడం. రాత్రంతా నానిన ఉలవల్ని ఒకటికి ఆరేడు రెట్లు నీళ్లు పోసి ప్రెషర్‌లో ముప్పావుగంట పెట్టండి, మీరు స్టవ్ దగ్గర లేకుండా ఆ పని జరిగిపోతుంది. రెండోది ఆ కట్టు మరిగి, ఆవిరైపోయి, చిక్కబడటం. ఇక్కడే స్లో కుక్కర్ ఓడిపోతుంది. దాని మూత ఆవిరిని పోనివ్వదు, మూతకు పట్టిన నీళ్లన్నీ మళ్లీ లోపలికే కారుతాయి. ఎన్ని గంటలున్నా చారు పలుచగానే ఉంటుంది. వడకట్టిన కట్టును వెడల్పాటి మందపు గిన్నెలోకి మార్చి, చింతపులుసు కలిపి, మూత లేకుండా సన్నటి సెగ మీద పెట్టండి. ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే దాని మీదే మేలు, వాట్లు తగ్గించి టైమర్ పెట్టుకుంటే పక్కనే నిలబడక్కర్లేదు, మధ్యమధ్యలో వచ్చి గరిటె తిప్పితే చాలు. రాచిప్ప ఉంటే అందులో మరిగించండి, దించాక కూడా చాలాసేపు ఉడుకు పోదు. కాకపోతే రాచిప్పను ఇండక్షన్ పట్టదు, గ్యాస్ మీదే పెట్టాలి. సెగ మెల్లగా పెంచాలి, వేడి చిప్పలో చన్నీళ్లు పోస్తే పగుళ్లిస్తుంది.

మీరు అడగలేదు గానీ, ఈ కుక్కర్లు కొన్నవాళ్లు తర్వాత అడిగేది హలీం గురించే. 2010లో జీఐ (ఆ ప్రాంతానికే చెందిన ప్రత్యేక వస్తువన్న) గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం ఇటుకలు, మట్టితో కట్టిన భట్టీల మీద, కట్టెల మంట మీద పది పన్నెండు గంటలు ఉడుకుతుంది. అన్ని గంటలూ ఊరికే ఉడకదు, ఘోట్నీలు, అంటే పెద్ద చెక్క దంచుడు కర్రలు పట్టుకుని గోధుమల్నీ మాంసాన్నీ కలిపి దంచుతూనే ఉంటారు. ఆ సాగుడు దంచడం వల్ల వస్తుంది. ఇంట్లో చేయాలనుకుంటే ప్రెషర్‌లో మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో ఓపిగ్గా ఎనపండి. మిక్సీలో వేస్తే జిగురు ముద్దవుతుంది.

కరెంటు లెక్క తేలిక. 200 వాట్ల స్లో కుక్కర్ ఎనిమిది గంటలు తిరిగితే 1.6 యూనిట్లు, రోజూ వాడితే నెలకు దాదాపు 48. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ వెయ్యి వాట్లయినా వేడెక్కాక ఆగుతూ వెలుగుతూ ఉంటుంది, ఒకసారి పప్పు వండటానికి సుమారు అర యూనిట్. మీకు తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తిస్తుంటే ఇది ఇంకా ముఖ్యం. నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే జీరో బిల్లు, దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. ఎండాకాలంలో ఏసీ, కూలర్లతో ఎలాగూ అంచు మీద ఉంటాం, రోజంతా తిరిగే వస్తువును అప్పుడు చేర్చుకోకండి.

కొనడానికి వెళితే ఫ్లాస్కు, హాట్‌బాక్సులు బేగం బజార్‌లో చూడండి, కంపెనీవి పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. హాట్‌బాక్స్‌కి మూత లోపలి వైపు కూడా స్టీలు ఉండాలి, ఉత్తి ప్లాస్టిక్ మూత వాసన పట్టేస్తుంది, వేడీ అక్కణ్నుంచే పోతుంది. పెద్దదొకటి కాకుండా చిన్నవి రెండు తీసుకోండి, నిండుగా ఉంటేనే వేడి నిలుస్తుంది. రొట్టెలకైతే అడుగున నూలుగుడ్డ పరవండి, లేకపోతే చెమ్మకు నానిపోతాయి. ఎలక్ట్రిక్ కుక్కర్ మాత్రం బిల్లు, వారంటీ కార్డు ఇచ్చే షాపులోనే తీసుకోండి. ఐఎస్ఐ గుర్తు ఉందా, మూత లోపలి సిలికాన్ రింగు విడిగా దొరుకుతుందా అని అడిగి కొనండి. ఆ రింగు వాడకంలో వదులైపోతుంది, మసాలా వాసన పట్టేస్తుంది. మొదటి రోజే ఇంకొకటి తెచ్చుకుంటే పాయాకి ఒకటి, మీ అత్తగారి జావకి ఒకటి విడిగా వాడుకోవచ్చు.